అత్తగారు వెనక, నేను ముందు

2009 సెప్టెంబరు పన్నెండు, శనివారం. ఆ పొద్దున నేను నీలం మొక్కజొన్న జావ తాగి, ముందురోజు మిగిలిన గొర్రెమాంసం పులుసులో రొట్టె ముంచుకుని తిన్నాను. జావలో మా అమ్మాయి లెనెల్, రుచికి కలిపే జూనిపర్ ఆకుల బూడిద ఒక చెంచా ఎక్కువ వేసింది. వాళ్ళమ్మ ఉన్న రోజుల్లో ఆ కొలత గురించి ఎవరూ ఆలోచించాల్సిన అవసరం రాలేదు. నేనేమీ అనకుండా గిన్నె ఖాళీ చేశాను. లెనెల్ అది గమనించి, అడక్కుండానే రెండో కప్పు కాఫీ పోసింది.

"నాన్నా, ఇరవై మూడో తేదీ గుర్తుంది కదా. ఇంకా పదకొండు రోజులే."

ఇరవై మూడున మా అత్తగారికి కంటి ఆపరేషన్. ఆవిడకి ఎనభై మూడేళ్ళు. రెండు కళ్ళలోనూ పొరలు వచ్చి, ఆ వేసవికి మనుషులు నీడల్లా మాత్రమే కనిపించే స్థితికి వచ్చింది. అంతకు ముందు రెండుసార్లు తేదీ ఇచ్చారు. రెండుసార్లూ వెళ్ళనంది. కారణం చెప్పలేదు. ఈసారి కూడా వెళ్ళకపోతే పేరు వరుసలో చివరికి పోతుందని, మళ్ళీ పిలుపు వచ్చేసరికి పొర గట్టిపడి చూపు దక్కకపోవచ్చని డాక్టరు లెనెల్‌తో చెప్పాడు.

"ఎలాగైనా నువ్వే ఒప్పించాలి. నీ మాటంటే అమ్మమ్మకి గౌరవం."

"నేను ఆవిడతో ఎలా మాట్లాడతానే?"

"అదే కదా చిక్కు," అని లెనెల్ డ్యూటీ సంచీ భుజాన వేసుకుంది.

మా నవహో తెగలో అల్లుడు అత్తగారి ముఖం చూడకూడదు. అత్తగారు అల్లుడి ముఖం చూడకూడదు. చూస్తే కళ్ళు పోతాయంటారు. నేరుగా మాట్లాడుకోవడం కూడా ఉండదు. ఈ కాలం పిల్లలకి ఈ పట్టింపు లేదు. నేనైతే ఫ్లాగ్‌స్టాఫ్ కాలేజీలో జీవశాస్త్రం చదివి, చిన్లీ హైస్కూల్లో ఇరవై ఏడేళ్ళు అదే పాఠం చెప్పాను. కంటి బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. అయినా పెళ్ళయిన ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆవిడ ముఖం చూడలేదు. ఆవిడ తన శాలువా అంచుకి చిన్న మువ్వలు కుట్టుకుంది. ముందు గుమ్మంలో మువ్వలు వినబడితే నేను వెనక గుమ్మంలోంచి గొర్రెల దొడ్డివైపు వెళ్ళేవాణ్ణి. ఇద్దరి మాటలనూ మధ్యలో ఉండి మా ఆవిడ మోసేది. ఫిబ్రవరిలో మా ఆవిడ పోయింది. పోయినవాళ్ళ పేరు మేము పైకి అనము కాబట్టి ఇక్కడ కూడా రాయను. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య మాటలు మోసే మనిషి లేకుండా పోయింది.

ఊరి పక్కనున్న లోయలో అత్తగారికి ఒక చేను, పదిహేను పీచ్ చెట్లు ఉన్నాయి. అవి వాళ్ళమ్మ నుంచి, వాళ్ళమ్మమ్మ నుంచి వచ్చినవి. ఏటా సెప్టెంబరులో వెళ్ళి పండ్లు కోసి, చీల్చి, బండల మీద ఎండబెట్టుకుని వస్తుంది. ఆ ఏడు ఆగస్టు వానలకి వాగు పొంగి లోయలో ట్రక్కులు తిరిగే బాట కొట్టుకుపోయింది. గుర్రాలకి తప్ప దారి లేదు. చూపు లేకుండా ఎందుకమ్మమ్మా అని లెనెల్ అంటే, "కోసేవి చేతులు కదా" అందట. వారాంతాల్లో టూరిస్టులను గుర్రాల మీద లోయలోకి తీసుకెళ్ళేది నేనే కనుక, దారి చూపించే పని నాకు పడింది. మధ్యలో ఉండి మాటలు అందించడానికి మా మేనత్త కూతురు వెర్లిండా వస్తానంది.

ఏడింటికి వాగు మొదట్లో బయల్దేరాము. ముందు నేను, బూడిద అనే నా గుర్రం మీద. నా వెనక వెర్లిండా, షెరీఫ్ అనే గోధుమరంగు గుర్రం మీద. ఆమె వెనక కొంత దూరంలో, నుదుట తెల్ల మచ్చ ఉన్న చుక్క అనే ఆడగుర్రం మీద మా అత్తగారు. నేను ఆవిణ్ణి చూడలేదు. మువ్వల చప్పుడును బట్టి చెప్తున్నాను.

మేనత్త కూతురు, మేనమామ కొడుకు ఎదురుపడి ఒకరినొకరు ఆటపట్టించుకోకపోతే మావాళ్ళు ఏదో గొడవ జరిగిందనుకుంటారు. వెర్లిండా ఆ అనుమానానికి ఎప్పుడూ తావివ్వదు.

"బావా, ఈ వీపు చూస్తూ ఎనిమిది మైళ్ళు రావాలా నేను?"

"ఈ వీపు చూడ్డానికి జర్మనీ నుంచి వస్తారు."

"అందుకే మళ్ళీ రారు." తర్వాత గొంతు పెంచి వెనక్కి, "అవ్వా, మేష్టారు అడుగుతున్నాడు, జీను సరిగ్గా ఉందా అని."

"జీను బానే ఉంది. దాని మీద కూచున్న ఎముకలే పాతవని చెప్పు."

"బావా, జీను కొత్తది, అవ్వ పాతదట."

"విన్నాను."

"వింటే మరి నేనెందుకు? నా చేత ఊరికే అరిపిస్తున్నారు ఇద్దరూ."

లోయ మొదట్లో గోడలు చీలమండ ఎత్తే ఉంటాయి. కాసేపటికి మోకాలెత్తు, తర్వాత గుర్రమెత్తు. తర్వాత ఎప్పుడు పెరిగాయో తెలియకుండా ఆకాశం సన్నని పట్టీ అయిపోతుంది. ఆ పూట ఎండ పడుతున్న గోడ ఇటుకపొడి రంగులో ఉంది. నీడ పడిన గోడ పండిన వంకాయ రంగు. రెండింటి మీదా పైనుంచి కిందికి నల్లని చారలు, తడి జుట్టు ఆరేసుకున్నట్టు. కాటన్‌వుడ్ చెట్లకి అక్కడొక ఆకు, ఇక్కడొక ఆకు పసుపు తిరుగుతోంది. ఎక్కడో ఎత్తున పూర్వీకుల రాతి గదుల దగ్గర ఒక కాకి అరిస్తే, ఎదుటి గోడ దానికి బదులు చెప్పింది.

మూడు మైళ్ళు దాటాక నేను ధైర్యం చేశాను. "వెర్లిండా, ఇరవై మూడో తేదీ సంగతి అడుగు."

"అవ్వా, మేష్టారు నీ కళ్ళ సంగతి అడుగుతున్నాడు. ఎందుకు వెళ్ళనంటున్నావని."



"అది తప్ప ఇంకేదైనా అడగమను. ఎన్ని గొర్రెలున్నాయో అడగమను. చెప్తాను."

"బావా, గొర్రెలు ఎన్ని అని అడుగు."

నేను అడగలేదు. ఎవరైనా ఒక మాటని అంత మర్యాదగా పక్కన పెడితే దాన్ని మళ్ళీ ముందుకు లాగడం నాకు చేతకాదు. తరగతిలో కూడా చేతకాలేదు. అందుకే నా క్లాసులో మొండి పిల్లలందరూ సుఖపడ్డారు.

ఇంకో మైలు వెళ్ళేసరికి షెరీఫ్ కుంటడం మొదలుపెట్టాడు. వెర్లిండా దిగి ముందు కుడికాలు ఎత్తి చూసింది. డెక్క మధ్యలో కోసుగా ఉన్న రాయి గుచ్చుకుని ఉంది. తీసేసినా, కాలు ఆన్చడానికి గుర్రం ఒప్పుకోలేదు. ఇక దాన్ని నడిపించుకుంటూ వెనక్కి తీసుకెళ్ళాలి.

"ఇప్పుడెలా?" అంది వెర్లిండా. నన్ను అడిగిందో, అవ్వను అడిగిందో తెలియదు. "మీ ఇద్దరి మధ్య ఎవరుంటారు? అందరం తిరిగి పోదామా?"

వెనక నుంచి మా అత్తగారి గొంతు నెమ్మదిగా వినిపించింది. "చుక్కా, పీచ్ పండ్లు మనకోసం ఆగవే. రాలిపోతే ఉడతల పాలు. పద."

చుక్క కదిలింది. వెర్లిండా నా పక్కన నిలబడి, కళ్ళెం చేతికి చుట్టుకుంటూ గొంతు తగ్గించి నవ్వింది. "బావా, మెడ పట్టేసినా వెనక్కి మాత్రం తిప్పకు." తర్వాత నా మోకాలి మీద తట్టి వెళ్ళిపోయింది. ఆ తట్టడంలో వేళాకోళం లేదు.

అలా మేమిద్దరమే మిగిలాము. ఇక ఆవిడ చుక్కతో మాట్లాడింది, నేను బూడిదతో మాట్లాడాను.

"చుక్కా, దాహంగా ఉందే. నీకు కూడానా?"

"బూడిదా, ఆ పెద్ద బండ దగ్గర ఊట ఉంది. అక్కడ దిగి, నీళ్ళ సీసా బండ మీద పెట్టి, నువ్వూ నేనూ చెట్టు చాటుకి పోదాం."

అలాగే చేశాము. చెట్టు చాటు నుంచి సీసా మూత చప్పుడు విన్నాను. తిరిగి వచ్చేసరికి సీసా పక్కన మడిచిన రుమాలులో వేయించిన రొట్టె ముక్క ఒకటి ఉంది. ఫిబ్రవరి నుంచి నాకోసం ఎవరూ రొట్టె మూట కట్టలేదు. జీనెక్కి, ముందుకి చూస్తూ తిన్నాను.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మధ్యలో మనిషి లేదు కదా అని, మర్యాద కోసం దూరం పెంచాను. ముందు ఇరవై అడుగులు, తర్వాత నలభై. వాగు రెండో మలుపు దగ్గర ఊబి ఇసుక ఉంటుందని నాకు తెలుసు. ముందు నడిచే గుర్రం గట్టినేల వెతుకుతుంది, వెనక వచ్చేది ఆ అడుగుల్లోనే అడుగు వేస్తుంది. టూరిస్టులకైతే ముక్కూ తోకా తగిలేంత దగ్గరగా రమ్మని పదిసార్లు చెప్తాను. ఆ రోజు బూడిద దాటి గట్టెక్కేసింది. దాని డెక్కల గుర్తుల్లోకి నీళ్ళు ఊరి, చుక్క వచ్చేసరికి అవి చెరిగిపోయాయి. మర్యాద కోసం వదిలిన దూరమే ముంచింది.

ముందు నీళ్ళలో ఏదో బరువుగా కూరుకుపోయిన చప్పుడు. తర్వాత చుక్క బుసకొట్టడం. మువ్వలు ఒక్కసారిగా గలగలమని, ఆగిపోయాయి.

"చుక్కా," అంది మా అత్తగారు, గొంతు ఏమీ మారకుండా, "కదలకే. కదిలితే ఇంకా దిగుతాం."

నేను గుర్రం దిగాను. తాడు తీసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, వీపు ఆవిడ వైపు పెట్టి, వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టాను. పది అడుగులు వేశానో లేదో గట్టినేల తప్పి, ఎడమకాలు మోకాలిదాకా ఊబిలోకి పోయింది. లాక్కోబోతే రెండోది కూడా పోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఈ లోయలో గుర్రాలు నడిపే మనిషిని. టూరిస్టులు చూసి ఉంటే డబ్బు వాపసు అడిగేవారు.

వెనక నుంచి ఒక చప్పుడు వచ్చింది. ఏడుపేమో అనుకున్నాను. నవ్వు.

"చుక్కా, చూశావా. చదువుకున్నవాడు. కళ్ళు మూసుకునే ఉంటాడు, ఊబిలో వెనక్కి నడుస్తున్నాడు." కొంతసేపటికి నవ్వు ఆగింది. "ఆ పొడుగాయనతో చెప్పవే. కళ్ళు తెరవమని చెప్పు. ఆయన దాచుకోవాల్సిందేమీ లేదు. నేను ఎప్పుడో చూసేశాను."

కాళ్ళు లాక్కోవడం ఆపాను.

"ఫిబ్రవరిలో. ఆసుపత్రిలో. నన్ను ఆ కూల్‌డ్రింకుల పెట్టె అవతల కూచోబెట్టారు, ఈయన ఇవతల. నా బిడ్డ పోయిందని నర్సు వచ్చి చెప్పాక, నేను లేచి ఇవతలికి వచ్చాను. ఈయన కుర్చీలో కూచుని ఉన్నాడు. నా బిడ్డ బూట్లు ఒళ్ళో పెట్టుకుని లేసులు ముడివేస్తున్నాడు. విప్పుతున్నాడు, మళ్ళీ ముడివేస్తున్నాడు. కాలికి వెయ్యబోతున్నట్టే వేస్తున్నాడు. నేను చూశాను. ముఖం తిప్పుకోవాలనిపించలేదు. కాఫీ చల్లారేంతసేపు చూశాను. మార్చి నెలకి నాకు మసక మొదలైంది. తెలిసి చేసినదానికి వచ్చిందది. దాన్ని కోసి తీసేయడం నాకు న్యాయం కాదు. అర్థమైందా చుక్కా?"

నాకు అర్థమైంది. బోర్డు మీద కంటి బొమ్మ గీసి, కటకం మసకబారడానికి వయసు కారణమని, ఎండ కారణమని ఆవిడకి చెప్పొచ్చు. డాక్టరు ఆ సంగతి రెండుసార్లు చెప్పాడు. పైగా ఆ పొర ఒక్క నెలలో వచ్చింది కాదు, అంతకు రెండేళ్ళ ముందే మొదలైందని కాగితాల్లో ఉంది. కానీ ఆ బూట్ల సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదని నేను అనుకున్నాను. ఆ రోజు ఆ వరండాలో నేను ఒంటరిగా ఉన్నాననే ఏడు నెలలు అనుకుంటూ వచ్చాను. ఒంటరిగా లేను. ఒకావిడ తన కళ్ళు పోతాయని తెలిసి కూడా నన్ను చూస్తూ నిలబడింది.

నేను కళ్ళు తెరిచాను. నడుము తిప్పి, వెనక్కి చూశాను.

ఆవిడ చుక్క మీద నిటారుగా కూచుని ఉంది. గుర్రం తొడలదాకా ఇసుకలో ఉంది. ఊదారంగు జాకెట్, మెడలో పచ్చరాళ్ళు, నెత్తిన కట్టుకున్న గుడ్డ. ముఖం నిండా ముడతలు, ఎండిన వాగు అడుగులా. ఆ ముడతల మధ్య మా ఆవిడ ఉంది. ఎడమ కనుబొమ్మ కుడిదానికంటే కొంచెం పైకి లేచి, ఎదుటివాళ్ళు అబద్ధం చెప్తున్నారేమో అన్నట్టు ఉండే ఆ తీరు. పై పెదవి మీద ఆ చిన్న గుంట. యాభై నాలుగేళ్ళకే పోయిన మనిషి ఎనభై మూడేళ్ళకి ఎలా ఉండేదో నాకు ఎప్పటికీ తెలియదనుకున్నాను. నా ఎదురుగా ఉంది.

ఎంతసేపు చూశానో చెప్పలేను. కాఫీ ఒకటి చల్లారి ఉంటుంది.

తర్వాత పని చూశాను. ఊబిలో నిలబడితే మునుగుతాము, పడుకుంటే తేలుతాము. ఒక పక్కకి వాలి, పాకుతూ గట్టినేల మీదికి వచ్చాను. తాడు విసిరి చుక్క మెడకి పడేలా చేసి, చుక్క పక్కనే ఉన్న గట్టినేల అంచున నిలబడి వీపు తిప్పాను. "బూడిదా, అవ్వను ఈ వీపు మీదికి జరగమను." సన్నని చేతులు నా మెడ చుట్టూ పడ్డాయి. బరువు లేదు. గొర్రెపిల్లని మోసినట్టు మోసుకొచ్చి ఎండలో బండ మీద కూచోబెట్టాను. మీద బరువు పోయేసరికి, నేను తాడు లాగగానే చుక్క ఊతం తీసుకుని మూడు ఎగురుల్లో తనే బయటపడి, అందరి మీదా బురద దులిపింది.

నేను వాగు వైపు తిరిగి నిలబడ్డాను. "బూడిదా, అవ్వతో చెప్పు. నేను కూడా చూశాను. తెలిసే చూశాను, సరిగ్గా చూశాను. ఆపరేషన్‌కి ఇంకా పదకొండు రోజులున్నాయి. ఆ లోపల నా కళ్ళు మసకబారితే అవ్వ వెళ్ళనక్కర్లేదు. ఇద్దరం కలిసి తడుముకుంటాం. నా కళ్ళకి ఏమీ కాకపోతే మాత్రం వెళ్ళాలి."

వెనక శాలువా దులుపుకున్న చప్పుడు, మువ్వలు. చివరికి, "ఇంత పొడుగున్నాడు, బుర్ర మాత్రం పెట్టలేదు దేవుళ్ళు," అంది చుక్కతో. "ఇక అటే తిరిగి ఉండమను. ఒకసారి చాలు."

మధ్యాహ్నానికి చేను చేరాము. పండ్లు సగం రాలాయి, సగం ఉన్నాయి. ఆవిడ చెట్టుని కౌగిలించుకున్నట్టు చేతులు పెట్టి కోసింది. నేను అవతలి వరుసలో కోశాను. మెత్తబడిన పండుని గింజ దగ్గర వేలితో చీల్చి, లోపలి వైపు ఎండకి పెట్టి, బండల మీద పరిచాము. కందిరీగలు వచ్చాయి. మా జోలికి రాలేదు.

అంతసేపూ ఆవిడ నా కళ్ళని పరీక్షిస్తూనే ఉంది.

"చుక్కా, ఎదుటి గట్టు మీద మేకలున్నాయేమో అడుగు."

"నాలుగున్నాయి బూడిదా. ఒకటి నల్లది."

"నాకు కనబడదు కదా. ఏం చెప్పినా నమ్మాల్సిందే." కొంచెం ఆగి, "ఆ గోడ మీద నల్ల చారలెన్నో అడుగు."

"ఏడు."

"ఆరు. చిన్నప్పుడు లెక్కపెట్టాను."

"ఏడోది తర్వాత పుట్టి ఉంటుంది బూడిదా. డెబ్భై ఏళ్ళయింది కదా."

 మరోసారి అదే నవ్వు విన్నాను.

పొద్దు వాలేసరికి గోడ పై అంచు ఒక్కటే వెలుగులో మిగిలి, కిందంతా గులాబీ నుంచి బూడిదరంగుకి దిగింది. ఆవిడ హోగన్ అనే మా మట్టి గుడిసె లోపల పడక వేసుకుంది. నేను బయట కొమ్మల పందిరి కింద దుప్పటి పరుచుకుని, గుమ్మానికి వీపు పెట్టి కూచున్నాను. గుర్రాలు రెండూ దూరంగా చేలో మేస్తున్నాయి.

"చుక్కా," అంది ఆవిడ గుమ్మంలోంచి. చుక్క అక్కడ లేదు. "కోసేటప్పుడు నొప్పి ఉంటుందా?"

"మందు చుక్కలు వేస్తారు. తెలియదు." నేను కూడా బూడిదను పిలవడం మరిచిపోయాను.

"బండి ఎవరు నడుపుతారు?"

"నేనే. లెనెల్ పక్కన కూచుంటుంది."

"అయితే నేను వెనక కూచుంటాను." మళ్ళీ అంది, "ముందు అద్దం ఉంటుంది కదా. వెనకవాళ్ళు కనబడేది."

"పైకి తిప్పేస్తాను."

"మరి వెనకొచ్చే బళ్ళు?"

"పక్క అద్దాలున్నాయి."

"సరే. ఈ పదకొండు రోజులూ చూస్తాను," అంది. "నీ దుప్పటి పల్చగా ఉన్నట్టుంది. గుమ్మం దగ్గర ఇంకోటి పెట్టాను. నేను లోపలికెళ్ళాక తీసుకో."

ఆవిడ అడుగులు లోపలికి వెళ్ళాయి. నేను లేచి, కళ్ళు దించుకునే దుప్పటి తీసుకుని మళ్ళీ పందిరి కిందికి వచ్చాను. ఆ తర్వాత ఆవిడ నెమ్మదిగా తలుపు మూసుకున్న చప్పుడైంది.